సగం సాక్ష్యం

కిందటి సెప్టెంబరులో ఒక సాయంత్రం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడి నుంచి వచ్చింది. భుజం మీది సంచి దించకుండానే గుమ్మంలో నిలబడి అడిగింది: "అబ్బా! మనం రజాకార్లమా?"

ఆ రోజు తరగతిలో హైదరాబాద్ సంస్థానం పాఠం జరిగిందట. పాఠం అయ్యాక పక్కన కూర్చునే పిల్ల నవ్వుతూ, "మీ తాతలే కదా రజాకార్లు?" అన్నదట. ఆ మాటలో పగ లేదు. ఆ ఇద్దరూ రోజూ ఒకరి డబ్బాలోది ఒకరు తినే పిల్లలు. ఆ మధ్య, 2024 మార్చిలో, రజాకార్ల పేరుతో ఒక సినిమా వచ్చింది కదా, ఆ మాట పిల్లల నోళ్లలో అప్పటి నుంచి నలుగుతూనే ఉంది. టీచరు గారు "మాట్లాడకండి" అని ఇద్దరినీ మందలించి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయారట.

నేను "కాదమ్మా, మనం కాదు" అన్నాను. అమ్మాయి ముఖం తేటపడింది. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది.

నా మాటలో అబద్ధం లేదు. అయినా ఆ రాత్రి ఇషా నమాజులో నా మనసు నిలవలేదు. ఎందుకంటే మా తాతగారి తమ్ముడు, మేము చిన్న దాదా అని చెప్పుకునే ఆయన, ఆత్మకూరు దగ్గరి మా పాత ఊళ్లో ఆ ఖాకీ దుస్తులు తొడిగిన మనిషి. మా ఇంట్లో ఆయన ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో ముగుస్తుంది: "పాపం, పోలీస్ యాక్షన్‌లో పోయాడు." ఆయన ఎలా పోయాడో పిల్లలకు చెబుతాం. అంతకు ముందు ఏం చేశాడో చెప్పం.

బడి దాచేది ఒకటి, ఇల్లు దాచేది మరొకటి. ఈ దాపరికం విషయంలో అల్లాహ్ ముందు మన జవాబు ఏమిటి? ఈ ప్రశ్నే ఈ వ్యాసం రాయించింది. నాకు జవాబు వెంటనే తోచలేదని పాఠకులకు ముందే మనవి చేస్తున్నాను.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, ఈ సంగతులు జరిగిన రోజుల్లో ఇదంతా హైదరాబాద్ రాజ్యంలోని మహబూబ్‌నగర్ జిల్లా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరే ఆ జిల్లా పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్‌లలో హిందూ సంస్థానాధీశులు నిజాముకు కప్పం కడుతూ తమ తమ సీమలు ఏలుకునేవారు. తుంగభద్ర దాటితే కర్నూలు. అది మద్రాసు రాష్ట్రం.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఏడో నిజాం భారత యూనియన్‌లో చేరలేదు. ఆ ఏడాది నవంబరు 29న ఉభయులకూ మధ్య ఏడాది గడువుతో యథాతథ ఒడంబడిక జరిగింది. ఆ గడువు శాంతిగా గడవలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ తన స్వచ్ఛంద దళాన్ని, అంటే రజాకార్లను, పల్లెపల్లెకూ పంపింది. ఒకవైపు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహాలు, మరొకవైపు తెలంగాణ రైతుల సాయుధ పోరాటం, మధ్యలో నిజాం పోలీసులు, రజాకార్లు. చివరికి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నలువైపులా సరిహద్దు దాటి వచ్చింది. 17న నిజాం ఓటమి ఒప్పుకున్నారు. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరి ముందు లొంగిపోయారు.

సైన్యం, ట్యాంకులు, విమానాలు పాల్గొన్న ఆ సంఘటనకు పెట్టిన పేరు 'పోలీసు చర్య'. పేరులోనే కొంత దాపరికం ఉంది. ఇక ఆ సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలన్నది నేటికీ తెగలేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 'హైదరాబాద్ విమోచన దినం'గా జరిపితే, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం'గా జరిపింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' అన్నది. విలీనమనీ, విద్రోహమనీ అనేవారు వేరే. పెద్దలకే ఒక పేరు మీద ఒప్పందం లేని రోజును పిల్లలకు ఒక మార్కు ప్రశ్నగా నేర్పుతున్నాం.

మా అమ్మాయి నోట్సు తీసి చూశాను. రజాకార్ల అకృత్యాల మీద నాలుగు వరుసలున్నాయి. ఆపరేషన్ పోలో, ఐదు రోజులు, నిజాం లొంగుబాటు అని ఉంది. ఆ తర్వాత వచ్చే తేదీ 1950 జనవరి 26. నిజాం రాజప్రముఖ్ అయిన రోజు. 1948 సెప్టెంబరు 18కీ 1950 జనవరికీ మధ్య ఆ నోట్సులో మనుషులే లేరు. టీచరు గారిని తప్పుపట్టను. పరీక్షకు వచ్చేదాన్నే ఆయన రాయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేం చదువుకున్న రోజుల్లో మాకు ఈ నాలుగు వరుసలు కూడా చెప్పలేదు. సర్దార్ పటేల్ సంస్థానాలను విలీనం చేశారు, హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగింది అన్న ముక్కతో సరిపోయింది.

ఆ ఖాళీలో ఏముంది? సైనిక చర్య తర్వాత హైదరాబాద్ పల్లెల నుంచి ఘోరమైన వార్తలు ఢిల్లీకి చేరాయి. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక సద్భావన బృందాన్ని పంపారు. ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. వాళ్లు 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా రాజ్యంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు. వందల మంది సాక్ష్యాలు విన్నారు. సైనిక చర్య జరిగినప్పుడూ ఆ తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని వాళ్ల అంచనా. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. మన మహబూబ్‌నగర్ ఆ నాలుగింటిలో లేదు. అలాగని ఇక్కడి ముస్లిం ఇళ్లలో ఆ రోజుల భయం తక్కువేమీ కాదు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో, హత్యల్లో పాల్గొన్నారని ఆ నివేదిక రాసింది. కొన్నిచోట్ల అదే సైన్యం ముస్లింలను కాపాడిందని కూడా రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను బయటపెట్టలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ అనే పరిశోధకుడు అందులోని భాగాలను తన పుస్తకంలో అచ్చు వేశారు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది పాఠకుల చేతికి అందింది 2013లో. అంటే 65 ఏళ్లు.

ఇంతవరకు చదివి, 'నిజమే, మనకు జరిగిన అన్యాయం పాఠాల్లో లేదు' అని చాలామంది పాఠకులు తలూపుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే తలూపాను. అయితే సోదరులారా, ఇప్పుడు మన ఇళ్లలోకి రండి.

మన ఇళ్లలో పిల్లలు పోలీస్ యాక్షన్ మాట వింటూ పెరుగుతారు. ఏ బావిలో ఎవరు దూకారో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఏ చేను ఎలా అన్యాక్రాంతమైందో దాదీలు, నానీలు చెబుతారు. కాని బైరాన్‌పల్లి పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? పోలీసు చర్యకు సరిగ్గా పదిహేడు రోజుల ముందు, 1948 ఆగస్టు 27న, రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చి చంపాయి. అంత దూరం ఎందుకు, మన ఆత్మకూరుకు దగ్గరలోనే అప్పంపల్లి ఉంది. 1947 అక్టోబరు 7న అక్కడ సత్యాగ్రహానికి కదిలిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. పదకొండు మంది పోయారు. మా అమ్మాయికి ఆ పేరు తెలియదు. ఆమెను ఆ ప్రశ్న అడిగిన పిల్లకూ తెలియదు. బడి నోట్సులోనూ లేదు, మా ఇంటి కథల్లోనూ లేదు. ఒక్కొక్కసారి బడీ ఇల్లూ కలిసే మరచిపోతాయన్నమాట.

షోయబుల్లా ఖాన్ పేరు కూడా అలాంటిదే. ఆయన హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపిన యువకుడు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఉర్దూలో, ముస్లింల మధ్య నిలబడి ఖండించాడు. రజాకార్లను రద్దు చేయాలని, భారత్‌లో చేరాలని కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇచ్చిన ప్రకటనను తన పత్రికలో వేశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఇంటికి వెళుతుంటే దారి కాచి చంపారు. రజాకార్లంటే ముస్లింలు, ముస్లింలంటే రజాకార్లు అనే మాటకు ఆయన ప్రాణమే జవాబు. ఆ జవాబును పాఠంలో చెప్పకపోవడం బడి లోపం. మరి మనం చెప్పామా? మన మస్జిదుల్లో, మన ఆదివారపు తరగతుల్లో ఆయన పేరు ఎన్నిసార్లు వినిపించింది? ఆయన గురించి చెప్పాలంటే ఆయన్ను చంపినవాళ్ల గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. మన మౌనానికి అసలు కారణం అదే.

ఇక మా ఇంటి విషయం. మా దాదీ చనిపోయే ముందు రెండేళ్లు నా దగ్గరే గద్వాలలో ఉన్నారు. ఆమె ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. పోలీస్ యాక్షన్ అప్పుడు మా తాతగారి కుటుంబం పక్కింటి నేతగాళ్ల ఇంట్లో ఏడు రాత్రులు దాక్కుంది. వీధిలో అడుగుల చప్పుడైతే పిల్లల్ని మగ్గం గుంతలో కూర్చోబెట్టి పైన చీరల మూట పెట్టేవారట. అందులో మా నాన్న కూడా ఒకరు. అప్పటికి ఆయనకు నాలుగేళ్లు. ఈ కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం.

రెండో కథ ఆమె ఒక్కసారే చెప్పారు. ఒక మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు. అంతకు కొన్ని నెలల ముందు చిన్న దాదా మరో నలుగురితో కలిసి అదే ఇంటికి 'చందా' వసూలుకు వెళ్లాడు. వాళ్ల దగ్గర రొక్కం లేదు. కోడలి కాళ్ల వెండి కడియాలు విప్పించుకుని వచ్చాడు. "ఆ తలుపే మళ్లీ మాకు తెరిచిండ్రు బేటా" అన్నారు దాదీ. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

సుందర్‌లాల్ నివేదికలో ఒక మాట ఉంది. చాలాచోట్ల హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారని, ముఖ్యంగా ఒకే వృత్తివాళ్ల మధ్య ఇది కనిపించిందని, హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను తమ ప్రాణాలకు తెగించి కాపాడిన సందర్భాలున్నాయని అది రాసింది. మా తాతగారు నేతగాడు కాదు, రెండెకరాల రైతు. అయినా ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మగ్గం గుంత కనిపిస్తుంది. నివేదికను తొక్కిపెట్టినప్పుడు ముస్లింల బాధ ఒక్కటే మరుగున పడలేదు. తలుపు తెరిచిన ఆ హిందువుల మంచితనం కూడా దానితోపాటే మరుగున పడింది.

ఇక దివ్య ఖుర్ఆన్ వద్దకు వద్దాం. అన్నిసా సూరా 135వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి ఒక కఠినమైన ఆజ్ఞ ఇచ్చాడు. న్యాయం మీద స్థిరంగా నిలబడాలని, అల్లాహ్ కోసం సాక్షులు కావాలని, ఆ సాక్ష్యం తమకు గాని, తల్లిదండ్రులకు గాని, దగ్గరి బంధువులకు గాని వ్యతిరేకంగా పోయినా వెనుదీయరాదని దాని సారాంశం. ఈ భాగం మనం ప్రసంగాల్లో తరచూ వింటాం. ఆ ఆయత్ చివరి భాగాన్ని మాత్రం త్వరగా దాటేస్తాం. అక్కడ సాక్ష్యం విషయంలో రెండు నేరాలను అల్లాహ్ పక్కపక్కనే పెట్టాడు. మాటను మెలితిప్పడం ఒకటి, సాక్ష్యం చెప్పకుండా ముఖం తిప్పుకోవడం రెండోది. ఈ రెండింటినీ తాను ఎరిగి ఉన్నానని హెచ్చరించాడు. 'నేను అబద్ధం చెప్పలేదు కదా, ఊరుకున్నాను అంతే' అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్న సమాధానం ఈ ఆయత్ ముందు నిలవలేదు.

యుద్ధ చరిత్రను ఎలా నేర్పాలో కూడా ఖుర్ఆన్ చూపించింది. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధం జరిగింది. కనుమ వద్ద కాపలాకు నిలిపిన 50 మంది విలుకాండ్రలో ఎక్కువమంది, విజయం చేతికి వచ్చిందనుకుని, ప్రవక్త (సఅసం) ఆజ్ఞను విడిచి సమర సొమ్ము కోసం దిగిపోయారు. యుద్ధం తలకిందులైంది. సుమారు 70 మంది సహాబీలు షహీదులయ్యారు. వేరే ఏ జాతి గ్రంథమైనా ఈ ఓటమికి శత్రువు కుతంత్రాన్ని కారణంగా చూపేది. ఖుర్ఆన్ (ఆలి ఇమ్రాన్: 152) మాత్రం మీలో కొందరు ప్రపంచాన్ని కోరుకున్నారని సూటిగా చెప్పింది. అదే చోట వారిని క్షమించినట్లు కూడా చెప్పింది. ఆ విలుకాండ్ర పేర్లు చెప్పి వారి సంతానాన్ని తలవంచుకునేలా చేయలేదు. తప్పును దాచలేదు, మనుషులను వెలివేయలేదు. ప్రళయం దాకా నమాజుల్లో పారాయణం జరిగే గ్రంథంలో ముస్లిం సైన్యపు తప్పు భద్రంగా ఉంది. మన పిల్లలకు బద్ర్ గురించి ఎంత ఉత్సాహంగా చెబుతామో ఉహుద్ గురించి అంత చెప్పం. అదీ మన అలవాటే.

బనూ జజీమా సంఘటన ఇంకా బరువైనది. మక్కా విజయం తర్వాత, హిజ్రీ 8లో, హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను ఒక దళంతో ఆ తెగ వద్దకు పంపారు. ఆ ప్రజలు తాము ఇస్లాం స్వీకరించామని చెప్పబోయి, సరైన మాట రాక, పాత మతం వదిలేశామన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఖాలిద్ (రజి) దాన్ని అంగీకరించక వారిలో కొందరిని చంపించారు, కొందరిని బందీలుగా పంచి వారినీ చంపమన్నారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) తన బందీని చంపేది లేదని సేనాపతి ఎదుటే తిరస్కరించారు. ఈ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) చేతులు పైకెత్తి, ఖాలిద్ చేసిన దానితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌తో రెండుసార్లు విన్నవించుకున్నారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది. తర్వాత జరిగింది సీరత్ గ్రంథాలు చెబుతాయి: ప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ (రజి)కి సొమ్మిచ్చి ఆ తెగ వద్దకు పంపారు. ఆయన చనిపోయిన ప్రతి ఒక్కరికీ రక్తపరిహారం చెల్లించారు. పోయిన ప్రతి వస్తువుకూ, చివరికి కుక్క నీళ్లు తాగే గిన్నెకు కూడా ఖరీదు కట్టి ఇచ్చారు. ఇంకా మిగిలిన సొమ్మును, తమకు తెలియని నష్టం ఏదైనా ఉంటే దానికి ఉండనీ అని వారికే వదిలి వచ్చారు.

ఇందులో మూడు పనులున్నాయి. తప్పును తప్పని బహిరంగంగా అన్నారు. నష్టాన్ని లెక్కకట్టి చెల్లించారు. చేసినది పొరపాటు గనుక ఆ సేనానిని వెలివేయలేదు. ఖాలిద్ (రజి) తర్వాత కూడా ఇస్లాంకు గొప్ప సేవ చేశారు. 1948 తర్వాత మన దేశం ఈ మూడింటిలో మొదటిది కూడా చేయలేకపోయింది. నివేదికను అరలో పెట్టింది. దేశాన్ని ఇంత మాట అనగలిగిన నేను, కడియాల సంగతి ఎన్నేళ్లు అరలో పెట్టాను?

ఈ జబ్బు మన ఒక్క దేశానిది కాదు. జపాన్‌లో ఇయెనాగా సబురో అనే చరిత్ర ఆచార్యుడు, తమ సైన్యం ఇతర దేశాల్లో చేసిన ఘోరాలను పాఠ్యపుస్తకంలో రాయనివ్వాలని ప్రభుత్వంపై 1965లో దావా వేస్తే, ఆ వ్యాజ్యాల వరుస 1997 దాకా నడిచింది. 1971లో తూర్పు బెంగాల్‌లో తమ సైన్యం చేసిన హత్యాకాండ గురించి పాకిస్తాన్ పిల్లలు బడిలో నేర్చుకున్నది బహు తక్కువ. చంపినవారూ ముస్లింలే, చనిపోయినవారిలో ఎంతోమందీ ముస్లింలే అయిన చోట కూడా దాపరికం ఆగలేదు. కాబట్టి ఇది మతం తెచ్చిన జబ్బు కాదు. 'మనవాళ్లు' అనే మమకారం తెచ్చిన జబ్బు.

ఈ సంగతి పిల్లకు చెబుతానంటే ఇంట్లో అభ్యంతరం వచ్చింది. మా ఆవిడ అన్నది: "చిన్నపిల్ల. రేపు బడిలో చెప్పేస్తుంది. అసలే రోజులు బాగాలేవు. మన నోటితో మనమే వాళ్లకు రాయి అందించడం ఎందుకండీ?" ఈ మాటను కొట్టిపారేయలేను. మన ఒప్పుకోలును పట్టుకుని మొత్తం సముదాయాన్ని నిందించేవారు ఉన్నారు. మనం చెప్పినంత మాత్రాన అవతలివారు కూడా తమ సగం చెబుతారన్న హామీ లేదు. నిజం చెబితే లాభం ఉంటుందని నేను ఆమెతో వాదించలేదు. నష్టమే రావచ్చు. కాని అల్ మాయిదా 8వ ఆయత్ ఒక జనం మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని అంటోంది. ద్వేషానికి వర్తించేది భయానికి వర్తించదా? ఆ న్యాయం అవతలివారు న్యాయంగా ఉంటేనే చేయాలన్న షరతు అక్కడ లేదు.

రెండో అభ్యంతరం మా మస్జిదులో ఒక పెద్దాయన చెప్పారు. మృతులను దూషించవద్దని ప్రవక్త (సఅసం) వారించారు కదా, చిన్న దాదా తన కర్మలతో అల్లాహ్‌ను చేరుకున్నాడు, ఇక వదిలెయ్యమన్నారు. ఆ హదీసు శిరోధార్యం. అయితే దూషణ వేరు, సాక్ష్యం వేరు. ఈ తేడాను మన హదీసువేత్తల కంటే బాగా ఎవరూ ఎరగరు. ఒక ఉల్లేఖకుని జ్ఞాపకశక్తి బాగోలేదనో, అతని మాట నమ్మదగింది కాదనో వారు నిర్మొహమాటంగా రాశారు. చనిపోయినవారి గురించీ రాశారు. ఇమామ్ బుఖారీ గురువైన అలీ ఇబ్నుల్ మదీనీని, హదీసు ఉల్లేఖకుడైన ఆయన సొంత తండ్రి గురించి అడిగారట. వేరేవారిని అడగండని ఆయన తప్పించుకోజూశారు. వాళ్లు వదల్లేదు. కాసేపు తల వంచుకుని, తర్వాత తలెత్తి, ఇది ధర్మానికి సంబంధించిన విషయమని, తన తండ్రి హదీసుల్లో బలహీనుడని చెప్పారట. ఆ తల వంచుకోవడంలో కొడుకు ఉన్నాడు. తలెత్తి చెప్పడంలో సాక్షి ఉన్నాడు. ఇల్మె రిజాల్ అనే అంత గొప్ప శాస్త్రాన్ని నిర్మించుకున్న సముదాయానికి చెందినవాళ్లం మనం. ఎనభై ఏళ్ల కిందటి మన ఇంటి విషయం చెప్పడానికి మనకు నోరు రావడం లేదు.

నాకు ధైర్యమిచ్చింది మాత్రం అల్ అన్ఆమ్ 164వ ఆయత్. ఎవరి భారం వారిదేనని, ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని అక్కడ ఉంది. దీన్ని మనం ఎప్పుడూ మన రక్షణ కోసమే చదువుతాం: రజాకార్ల పాపం మాకు అంటగట్టవద్దని. అది న్యాయమే. కాని అది నిజమైతే మనం దాచాల్సిన అవసరం ఏముంది? చిన్న దాదా చేసింది మా అమ్మాయి నెత్తి మీదికి రాదు గనుకే ఆమెకు దాన్ని నిర్భయంగా చెప్పవచ్చు. దాచినకొద్దీ, అది మన పాపమే అన్నట్టు మనమే ఒప్పుకున్నవాళ్లమవుతాం. అలాగే నాందేడ్‌లోనో బీదర్‌లోనో కత్తి పట్టినవాడి మనవడికి కూడా ఆ భారం లేదు. అతనికీ ఆ పాఠం చెప్పవచ్చు. అతను తలదించుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి.

బడి పుస్తకం మారేదాకా ఆగాలా అని అడిగితే, మన గద్వాల సీమలోనే జవాబుంది. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. 1949లో, ఈ గాయాలింకా పచ్చిగా ఉన్నప్పుడు, అది వెలువడింది. రాజుల జాబితాలను పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎలా బతికారు అన్నదాన్నే చరిత్రగా రాసిన పుస్తకమది. దానికి ఆయన ఏ ప్రభుత్వ అనుమతీ అడగలేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, గద్వాలలో ఆ రోజులు చూసిన ముసలివాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా మిగల్లేదు. మిగిలిన కొద్దిమందిని అడిగేటప్పుడు మనవాళ్లనే కాక పక్కవాడలోని వాళ్లనూ అడగమని నా మనవి. మన గురించి వాళ్లకు గుర్తున్నది వినడం కష్టంగా ఉంటుంది. నాకైతే కష్టంగానే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం ఫజ్ర్ నమాజు అయ్యాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు కథలూ చెప్పాను. ముందు కడియాల కథ, తర్వాత మగ్గం గుంత కథ. జరిగిన వరుసలోనే చెప్పాను. మా ఇంట్లో ఆ వరుసలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అప్పంపల్లి గురించీ, షోయబుల్లా ఖాన్ గురించీ, సుందర్‌లాల్ నివేదిక గురించీ ఆ వయసుకు అర్థమయ్యేంత చెప్పాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చాలాసేపు కాలి గోరుతో చాప పీచు లాగుతూ కూర్చుని, చివరికి ఒకే ప్రశ్న అడిగింది.

"మరి ఆ కడియాలు మనం తిరిగి ఇచ్చినమా అబ్బా?"

నాకు తెలియదన్నాను. తెలుసుకునే ప్రయత్నం కూడా ఎప్పుడూ చేయలేదని చెప్పడానికి సిగ్గేసింది గాని, అదీ చెప్పాను. దోచిన సొమ్ము యజమాని లేకపోతే అతని వారసులకు చెందుతుందని, తోటి మనిషి హక్కును ఆ మనిషి మాఫ్ చేస్తే తప్ప తీరదని ఆదివారపు తరగతిలో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. చిన్న దాదాకు సంతానం లేదు. ఆ ఇంటివాళ్లు ఊరు విడిచి చాలా ఏళ్లయింది. మగ్గం మానేశారట, మనవడు వనపర్తిలో బట్టల దుకాణం నడుపుతున్నాడని విన్నాను. ఆ కడియాల తూకం ఎంతో ఎవరికీ తెలియదు. దాదీ ఆ మధ్యాహ్నం బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించిన లావు మాత్రం గుర్తుంది. గద్వాల షరాబు దగ్గర అంత లావు జత ఒకటి చేయించాను. ఈ ఆదివారం వనపర్తి బస్సెక్కుతున్నాం. వాళ్లు తీసుకుంటారో లేదో, అసలు వాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో. అమ్మాయి తానూ వస్తానంటోంది.